మొదటి గరిటె ఎవరి గుమ్మంలో

సియెన్‌ఫ్వేగోస్,
ఫిబ్రవరి 1991.

ప్రియమైన ఒడాలిస్ అక్కా,

నా ఉత్తరం చూసి ఉలిక్కిపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. పుట్టినరోజులకి తప్ప మనం రాసుకోమని నాకూ తెలుసు. కానీ ఈ వారం మా వీధిలో జరిగింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు పగిలేలా ఉంది. నీ తల్లి వేరు, నా తల్లి వేరు అయినా నాన్న ఒక్కరే కదా, అందుకే నీకు రాస్తున్నాను.

ఎదురింటి మిలాదిస్ వాళ్ళ అన్న అంగోలా నుంచి వచ్చేశాడు. యుద్ధం అయిపోయింది, వేసవికల్లా మన సైనికులందరూ ఆఫ్రికా నుంచి ఇళ్ళకి చేరతారు అని టీవీలో రోజూ చెబుతున్నారు కానీ, ఒక మనిషి నిజంగా పెట్టె పట్టుకుని వీధి మలుపు తిరిగేసరికి వేరుగా ఉంటుంది. కొబ్బరాకులతో తోరణం కట్టారు. గోడకి సున్నం వేశారు. నడివీధిలో రాళ్ళ పొయ్యి పెట్టి పెద్ద ఇనుప కాగులో కల్దోసా సూపు కాచారు. ఒకరు గుమ్మడికాయ ఇచ్చారు, ఒకరు కర్రపెండలం, ఒకరు చేమదుంపలు, మేము మొక్కజొన్న. పొయ్యిలోకి కర్ర లేని వాళ్ళు విరిగిన కుర్చీ ఇచ్చారు.

మా వీధి కమిటీ పెద్ద సోరాయిదా అత్త గరిటె పట్టుకుంది. మా దగ్గర ఒక పద్ధతుంది: మొదటి గరిటె వచ్చినవాడి పళ్ళెంలో పడాలి, వాడు దాన్ని తన ఇంటి గుమ్మంలో నిలబడి తినాలి, ఆ తరవాతే మిగతా వీధి. "ఎవరి గుమ్మంలో మొదటి గరిటె తింటాడో అదే వాడి ఇల్లు" అంటుంది అత్త, అదేదో రాజ్యాంగంలో రాసి ఉన్నట్టు.

మిలాదిస్ వాళ్ళ అన్న చెయ్యి పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. 'అంగోలా' ఎక్కడుందో పటంలో చూపించలేని మిలాదిస్! నా పక్కనుంచి వెళ్తూ ఓరగా చూసింది. వ్యాసంలో అయితే దీన్ని 'అసూయ' అని రాయమంటారు మా సాహిత్యం టీచరు. నాది అసూయ కాదక్కా, కుళ్ళు. అసూయ పుస్తకాల్లో ఉంటుంది. ఇది కడుపులో, అడుగున కమిలిన గుమ్మడికాయలా ఉంది.

నాన్న చివరి బృందంతో వస్తారట. లారీలు నడిపేవాళ్ళు ఎప్పుడూ ఆఖరే. నేను అప్పుడే స్వాగత ఉపన్యాసం మొదలుపెట్టాను, మూడు పేజీలు అయింది. స్నానాలగదిలో పందిపిల్లని పెంచుతున్నాం, అది ఒక మూల, మేము ఒక మూల నిలబడి స్నానం చేస్తున్నాం. మొదటి గరిటె మా గుమ్మంలోనే. నువ్వు తప్పకుండా రావాలి. వీధి చివర నిలబడితే అంతా బాగా కనిపిస్తుంది.

ప్రేమతో,
నియుర్కా

కామగ్వే,
మార్చి.

నియుర్కాకి,

వీధి చివర నిలబడి చూసే అవకాశం ఇచ్చినందుకు చాలా సంతోషం. ఎవరైనా నలుగురు ఎక్కువైతే నన్ను చెట్టెక్కమంటావేమో.

చెల్లీ, ఆయనకి ఇంకో గుమ్మం ఉంది. ముందు ఉన్నది అదే. నేను పాలపళ్ళు ఊడే వయసులో ఉన్నప్పుడు ఆయన పెట్టె పట్టుకుని దిగిపోయింది ఆ గుమ్మంలోంచే. గుమ్మం ఇప్పటికీ అక్కడే ఉంది. దానికి రంగు వేయించాను. నా కొడుకు ఒస్మెల్‌ని తాతగారు ఇంతవరకూ చూడలేదు. మా అమ్మ, ఎన్నేళ్ళుగానో ఆయన పేరెత్తితే ఉమ్మేసే మా అమ్మ, టార్చిలైటు బ్యాటరీ పగలగొట్టి ఆ నల్లపొడితో జుట్టుకి రంగు వేసుకుంది. "నీ తండ్రి కోసం కాదులే, నెరుపు చూసుకోలేకపోతున్నాను" అంటోంది. నేను నమ్మినట్టు తలూపాను.

మా కమిటీ కూడా ఊరుకోలేదు. అగ్నిమాపక దళం బాండు వస్తుంది. మీకు బాండు ఉందా?

ఊళ్ళో అందరూ తోరణాలే కడుతున్నారని కూడా అనుకోకు. మొన్న సబ్బు వరసలో ఒకాయన "మన పిల్లలు పరువుగా తిరిగొస్తున్నారు" అని కళ్ళు తుడుచుకుంటే, వెనకాయన "రానీ అన్నా, రానీ. వాళ్ళు వచ్చారు, సబ్బు ఎప్పుడొస్తుంది?" అన్నాడు. సగం వరస నవ్వింది, సగం వరస వాడి మీద పడబోయింది. ఒక ముసలావిడ మాత్రం నవ్వనూ లేదు, తిట్టనూ లేదు. సంచి మడుచుకుని సబ్బు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

నాన్న తోటి డ్రైవరు ఒకతను సెలవు మీద వస్తూ నాకు గుడ్డ తెచ్చిచ్చాడు. లువాండా గుడ్డ, నీలం మీద పసుపు పక్షులు. నేను కుట్టుపని చేసేదాన్ని కదా, దానితో ఆయనకే చొక్కా కుడుతున్నాను. వచ్చిన రోజు అదే వేసుకుని మా గుమ్మంలో తింటారు.

నీకేం పంపారు?

ఒడాలిస్

సియెన్‌ఫ్వేగోస్,
ఏప్రిల్.

గౌరవనీయులైన ఒడాలిస్ గారికి,

నాకు నల్లచేవ కర్రతో చెక్కిన ఏనుగుని పంపారు. దారిలో ఒక దంతం విరిగింది. గుడ్డ చిరుగుతుంది, ఏనుగు చిరగదు.

ఇంతవరకే రాసి కవరు అంటించేద్దామనుకున్నాను. నిన్న రొట్టెల వరసలో మిలాదిస్ అందరి ముందూ అడిగింది: "అవునే, మీ నాన్న వస్తే ఎక్కడ పడుకుంటాడే? స్నానాలగదిలో పంది పక్కనా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి పంది పక్కన కూర్చుని ఏడ్చాను. అది నా జడ నమలబోయింది.

నీకు చెప్పనిది ఒకటుంది. నాన్న అంగోలా వెళ్ళేముందే అమ్మా ఆయనా విడిపోయారు. అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆయన పేరు రిగో, బేకరీలో రాత్రి పని. నిజానికి పంది రిగో బాబాయిదే. మాడిన రొట్టెలన్నీ ఏరి తెచ్చి దానికి పెడతాడు. "మీ నాన్నకి మర్యాద తక్కువ కాకూడదు, ఇంకొంచెం లావెక్కనీ" అంటాడు. ఆయన చెడ్డవాడైతే ఎంత బాగుండేది! హాయిగా అసహ్యించుకునేదాన్ని.

కాబట్టి నాన్న మా ఇంట్లో ఉండరు. ఉండలేరు. నీ దగ్గరే ఉంటారు. పొద్దున్నే ఆయన కాఫీ చప్పరించే చప్పుడు నీది, దగ్గు నీది, చెప్పులు వెతుక్కుంటూ తిట్టే తిట్లు నీవి. రోజూ నీవే. నాకు మొదటి గరిటె ఒక్కటి చాలు. ఒక్కసారి ఆయన చెయ్యి పట్టుకుని ఈ వీధిలో నడిస్తే చాలు, మిలాదిస్ చూస్తుండగా. అది కూడా లాక్కోకు అక్కా.

నియుర్కా

కామగ్వే,
మే.

పిల్లా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జాలి పడాలి కదా అనుకున్నాను. పడ్డాను కూడా, మధ్యాహ్నం దాకా.

ఆ తరవాత ఒస్మెల్‌కి అన్నం పెడుతుంటే గుర్తొచ్చింది. నీకు ఈల వెయ్యడం ఎవరు నేర్పారు? లారీలో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని సముద్రం దాకా ఎవరు తీసుకెళ్ళేవారు? నువ్వే ఒక పుట్టినరోజు ఉత్తరంలో రాశావు, అందంగా, ఉపమానాలతో సహా. ఆ సాయంత్రాలు నేను ఎక్కడున్నాననుకున్నావు? ఈ గుమ్మంలో. ఏటేటా కొత్త సంవత్సరానికి జామపండు హల్వా పెట్టె ఒకటి వచ్చేది, పైన నా పేరు తప్పుల్లేకుండా రాసి ఉండేది. అది నా నాన్న.

కడుపునిండా తిన్నదానివి, ఆకలిగా ఉన్నదాన్ని ఒక ముద్ద వదులుకోమంటున్నావు.

కుదరదు. చివరి బృందం ఊళ్ళకి చేరే శనివారానికే బాండు వాళ్ళని ఖాయం చేశాం. చొక్కాకి బొత్తాలు కూడా కుట్టేశాను.

ఒడాలిస్

సియెన్‌ఫ్వేగోస్,
జూన్, ఆదివారం.

ఒడాలిస్,

నువ్వు గెలిచావు. సంతోషమేనా?

చివరి విమానం దిగడం టీవీలో అందరం చూశాం. శనివారం పందిని కోశారు. కత్తి పట్టింది రిగో బాబాయి, ఏడ్చిందీ ఆయనే. మధ్యాహ్నానికి కాగు ఉడికింది. మలుపు దగ్గర పిల్లల్ని కాపలా పెట్టాం. ఏ లారీ చప్పుడైనా పరిగెత్తుకొచ్చేవాళ్ళు, చూస్తే అది నీళ్ళ లారీ. సోరాయిదా అత్త ఎవరినీ కాగు ముట్టుకోనివ్వలేదు. "మొదటి గరిటె పడకుండా ఎలా తింటార్రా, క్రమశిక్షణ లేదూ?" పొద్దు వాలేసరికి సూపు జావైంది, జావ ముద్దైంది. కొందరు తిరిగొచ్చినవాళ్ళ గురించి మాట్లాడటం మానేసి, లోపలికి తొంగి చూస్తూ పంది గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

చివరికి అత్త విసిగిపోయి ఒక గరిటె ఖాళీ పళ్ళెంలో పోసి మా గుమ్మంలో పెట్టింది. అప్పుడు వీధంతా తిన్నది. మా గుమ్మంలో మొదటి గరిటె ఎవరు తిన్నారో తెలుసా? మూల ఇంటి కుక్క.

మిలాదిస్ తన పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. దెప్పి ఉంటే బాగుండేది.

ఆయన్ని నీ దగ్గరే ఉంచుకో. కనీసం ఒక టెలిగ్రాం ఇవ్వాల్సింది.

నియుర్కా

కామగ్వే,
జూన్, ఆదివారం.

నియుర్కా,

బాగా దాచుకున్నావు ఆయన్ని. పంది మాంసం రుచిగా ఉందా?

బాండు వాళ్ళు తమకి వచ్చిన మూడు పాటలే మళ్ళీ మళ్ళీ వాయించారు. ట్రంపెట్ వాయించే అతను నా చెవిలో "అమ్మా, ఆయన రాకపోయినా మాకు భోజనం ఉంటుందా?" అని అడిగాడు. మా అమ్మ చీకటి పడ్డాక నల్లజుట్టుకి గుడ్డ కట్టుకుని పడుకుంది. ఇన్నాళ్ళూ ఆవిడ తిట్లు వినలేక చచ్చాను, నిన్న ఒక్క తిట్టు కోసం ఎదురుచూశాను.

ఇక నాకు రాయకు.

ఒ.

కబైగ్వాన్ బస్టాండు,
జూన్.

చెల్లీ,

రాయకు అన్నది నేనే, రాస్తున్నదీ నేనే. బల్ల ఊగుతోంది, అక్షరాలు వంకరగా ఉంటే తిట్టుకోకు.

నీ ఉత్తరం అందాక తెలిసింది, మనం ఒకరి మీద ఒకరం ఒకే రోజు అరుచుకున్నామని. నీ దగ్గర లేరు, నా దగ్గర లేరు. మరెక్కడున్నట్టు? గుడ్డ తెచ్చిచ్చిన ఆ డ్రైవరు ఇంటికి పరిగెత్తాను. "మీ నాన్న హవానా నుంచి రైల్లో నాతోనే వచ్చాడు. కబైగ్వాన్ దగ్గర దిగిపోయాడు. ఒక ఇల్లు చూసి వస్తానన్నాడు" అన్నాడు. "ఎవరి ఇల్లు?" అంటే, ఆ మనిషి తన చెప్పులకేసి చూసుకున్నాడు. "నోయెల్వీ వాళ్ళది. మేమెవరం వెళ్ళలేదు."

నోయెల్వీ అంటే మన నాన్న లారీలో సహాయకుడు. ఒకటిన్నర ఏడాది కిందట, చనిపోయిన వాళ్ళ ఎముకలు తెచ్చి దేశమంతా ఒకే రోజు పూడ్చారు చూడు, ఆ పెట్టెల్లో అతనిది ఒకటి.

నేను మాత్రం ఇంకో ఆడదేమో అనుకున్నాను. అబద్ధం ఎందుకు, పళ్ళు కొరుక్కుంటూ లారీ ఎక్కాను.

ఆడదే. డెబ్బై ఏళ్ళుంటాయి. గుమ్మంలో కూర్చుని ఒళ్ళో పలక పెట్టుకుని పొగాకు ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే అడిగింది:

"మొదటిదానివా, రెండోదానివా?"

"మొదటిదాన్ని."

"అయితే కోపం నీది. రెండోదానికి మాటలు ఎక్కువట. మీ నాన్న పైకప్పు మీద ఉన్నాడు, పెంకులు సరిచేస్తున్నాడు. తీసుకుపో తల్లీ. వచ్చినప్పటి నుంచి నా బియ్యం తింటున్నాడు."

ఆవిడ పేరు ఎడువిహెస్. నేను పక్కన కూలబడ్డాను. చివరి విమానం దిగడం టీవీలో చూశారా అని అడిగాను. బుద్ధిలేని ప్రశ్న.

"చూశాను. తల్లులు కొడుకుల మెడలు పట్టుకుని వేలాడుతుంటే కట్టేశాను. కుళ్ళు తల్లీ, ఏం చెప్పను. ఒక్కో తల్లిని చూస్తే ఒక్కో పోటు. నా కొడుకుని చంకలో పట్టేంత పెట్టెలో ఇచ్చారు. ఆ రోజూ బాండు వాయించారు. ఊరంతా వచ్చింది. తరవాత ఈ ఊరి పిల్లలు ఒక్కొక్కరూ తిరిగొచ్చారు. ఒక్కడూ నా గుమ్మం ముందు నుంచి నడవడు. అదుగో, రోడ్డుకి ఆ పక్కనుంచి పోతారు, తలొంచుకుని, నేనేదో వాళ్ళకి అప్పిచ్చినట్టు. అలాంటిది మీ నాన్న పెట్టె పట్టుకుని తిన్నగా వచ్చి నిలబడ్డాడు. బతికి! తలుపు మొహం మీద వేసేద్దామనుకున్నాను."

"మరి వెయ్యలేదేం?"

"పొయ్యి మీద సూపు ఉంది. మనిషి ఆకలి మొహంతో ఉన్నాడు. పోశాను. గుమ్మంలోనే నిలబడి తిన్నాడు. రెండో పళ్ళెం కూడా అడిగాడు. మా వాడూ అంతే, సిగ్గులేకుండా అడిగేవాడు."

అర్థమైందా చెల్లీ? మొదటి గరిటె.

నాన్న నిచ్చెన దిగివచ్చారు. చాలా చిక్కారు. నన్ను చూసి, నా వెనక బాండు ఉందేమో అన్నట్టు వీధిలోకి చూశారు. "రెండు చోట్లా ఏర్పాట్లు చేశారని విన్నానమ్మా. ఆ వీధుల్లో నడవడానికి కాళ్ళు రాలేదు. ఆ రోజు బండి నడపాల్సింది నేను. నేను దిగి టైరు చూస్తున్నాను, వాడు ముందుకి తీశాడు. కింద మందుపాతర ఉంది. అంతే."

దారి పొడుగునా తయారుచేసుకున్న తిట్లన్నీ మర్చిపోయాను. ఒక్కటి మర్చిపోలేదు, అది అనేశాను: "నువ్వెప్పుడూ వేరేవాళ్ళ గుమ్మంలోనే దొరుకుతావు నాన్నా." ఎడువిహెస్ పకపకా నవ్వింది. నాన్న నవ్వలేదు. "నిజమే" అన్నారు.

చొక్కా ఇచ్చాను. భుజాల దగ్గర వదులైంది. నా మనసులో ఆయన ఇంకా వెడల్పుగానే ఉన్నారు.

నాతో కామగ్వే రావడానికి పెట్టె సర్దారు. నేనే నీ వైపు వెళ్ళే బస్సెక్కించాను. తిరిగొస్తారుగా, రోజూ ఉంటారుగా, నువ్వే అన్నావు. ఇందుకు నన్ను మంచిదాన్ని అనుకోకు. బస్సు మలుపు తిరిగేసరికి కుళ్ళు మళ్ళీ వచ్చేసింది. ఆ పక్షుల చొక్కా వేసుకుని నీ వీధిలో నడుస్తారు, చూసేది నువ్వు.

ఒడాలిస్

సియెన్‌ఫ్వేగోస్,
జులై.

అక్కా,

నీ ఉత్తరం కన్నా నాన్నే ముందొచ్చారు.

ఎలా వచ్చారో చెప్తాను. పొద్దున్న ఎవరో "రేషను కొట్టులో కోడి వచ్చింది!" అని కేక వేశారు. నీకు చెప్పక్కర్లేదు, ఒక్క క్షణంలో వీధి ఖాళీ. సోరాయిదా అత్త జుట్టుకి చుట్టిన గొట్టాలతోనే పరిగెత్తింది. నేను సంచి వెతుక్కుని ఆఖరున బయటపడ్డాను. మలుపు దగ్గర పక్షుల చొక్కా వేసుకున్న మనిషి ఎదురయ్యారు. నా ఉపన్యాసంలో ఆయన ఎత్తుగా ఉంటారు.

"ఏమిటమ్మా, వీధిలో నరపురుగు లేదు? యుద్ధం ఇక్కడికి వచ్చిందా?"

"లేదు నాన్నా. కోడి వచ్చింది."

"అయితే పరిగెత్తు, వరస పోతుంది!"

"పోనీ."

చెయ్యి పట్టుకున్నాను. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాం. మళ్ళీ వెనక్కి నడిచాం. ఒక్క కిటికీ తెరుచుకోలేదు. ఇన్ని నెలలుగా ఎవరెవరు ఎక్కడెక్కడ నిలబడి కుళ్ళుకోవాలో ఊహించుకున్నాను, ఒక్కరూ లేరు. మూల ఇంటి కుక్క ఒక్కటే చూసింది. దానికి ఆయన భోజనం రుచి తెలుసు కాబట్టి తోకాడించింది.

రిగో బాబాయి నిద్రలేచి బనీనుతో తలుపు తీశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బాబాయి నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "పంది... అయిపోయిందండీ."

"పాపం. దానికి నా సంతాపం చెప్పండి" అన్నారు నాన్న.

ఆ తరవాత కష్టం కాలేదు. అన్నం, నల్లచిక్కుళ్ళు, గుడ్డు. గుమ్మంలో నిలబడి తిన్నారు, మా పద్ధతి మర్చిపోలేదు. రెండో పళ్ళెం అడిగారు. ఉపన్యాసం చదవమన్నారు. మొదటి వాక్యం చదివి ఆపేశాను, అందులో ప్రతి మాటా బాండు వాయిస్తోంది. మడిచి ఏనుగు కింద పెట్టాను.

సోరాయిదా అత్త కోడి దొరక్క కోపంగా తిరిగొచ్చి, ఆయన్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది: "ఇదేం పద్ధతి కామ్రేడ్? ఎవరికీ చెప్పకుండా రావడమేమిటి? వెళ్ళండి, వెళ్ళి మలుపు దగ్గర నుంచి మళ్ళీ రండి. ఇప్పుడందరం ఉన్నాం!" నాన్న నిజంగానే లేవబోయారు. నేనే ఆపాను.

సాయంత్రం మిలాదిస్ వచ్చింది. దెప్పుతుందనుకున్నాను. "మా అన్న మేడ మీద నుంచి దిగడు. ఎవరితోనూ మాట్లాడడు. మీ నాన్న జోకులేస్తున్నాడు" అంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు, ఫిబ్రవరిలో అది నా గొంతే. నాన్న వీధి దాటి ఆ మేడ ఎక్కారు. ఇద్దరూ చీకటి పడేదాకా పక్కపక్కనే కూర్చున్నారు. ఆ కాస్త సమయానికి కూడా నాకు కుళ్ళు వచ్చిందని చెప్తే నవ్వుతావు.

గురువారం రైలుకి నీ దగ్గరికి వస్తున్నారు. ఈసారి ఉండిపోవడానికి. కొన్ని తెలుసుకో: తలుపు గట్టిగా వెయ్యకు, ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. పెట్టె గుమ్మం పక్కనే పెట్టుకుంటారు, సర్దకు. ఆకలి లేదంటారు, నమ్మకు. దారిలో కబైగ్వాన్‌లో దిగుతానన్నారు, ఒక పెంకు మిగిలిపోయిందట. బియ్యం సంచి ఇచ్చి పంపుతోంది అమ్మ.

నువ్వు కుట్టిన చొక్కా ఉతికాను. చాలా బాగా కుట్టావు, అది చెప్పడానికి నాకెంత కష్టంగా ఉందో నీకే తెలుస్తుంది. ఇస్త్రీ నేనే చేశాను. కాలరు వెనక, ఎడమ పక్క, ఒక మడత ఉంటుంది. కావాలనే వదిలాను. మొదట కోపంతో వదిలాను. నా చేతిలోంచి ఏ లోపమూ లేని మనిషిని నీకెందుకు పంపాలి అనిపించింది. తరవాత సరిచేద్దామని ఇస్త్రీపెట్టె వేడిచేసి కూడా ఆగిపోయాను.

నువ్వు కుట్టుపని మనిషివి, రైలు దిగగానే నీ కన్ను దానిమీదే పడుతుంది. సరిచెయ్యాలంటే ఆయన మెడ మీద చెయ్యి వెయ్యాలి. అందరూ చూస్తుండగా.

నీ చెల్లెలు
నియుర్కా